కొసన గాటు లేని ఆకు

పక్కింటి రంగమ్మకు ఇవ్వవలసిన పిడికెడు కూర కొంగులోనే ఉండిపోయింది, పొద్దున ఆమె తలుపుకు తాళం ఉండబట్టి గానీ లేకపోతే ఈపాటికి వండుకొని తినేసి ఉండేది, తొలకరికి మొదటిసారి ఏరిన కూరలో పిడికెడు పక్కింటికి పెట్టనిదే తమ పొయ్యి మీదికి ఎక్కించవద్దని అమ్మ చెప్పేది, అరవై ఏండ్లుగా తప్పని ఆ మాట ఈసారి తప్పింది, అందుకేనా ఇదంతా, కాదు, అట్లా అనుకోవడం సుఖం, దేవుడి మీదికి తోసేయడం సుఖం, లక్ష్మీదేవమ్మ దవాఖాన గోడకు వీపు ఆనించి కింద కూర్చొని నడుము దగ్గర దోపుకున్న కొంగుముడిని బొటనవేలితో వత్తుతూ ఉంది, విప్పడం లేదు, వదలడం లేదు, ఎదురుగా ఇనుప మంచం మీద కోడలు ఉమారాణి కాళ్లు రెండూ గుడ్డపేలికలతో కట్టేసి ఉన్నాయి, సూది గుచ్చిన చేతిని కొడుకు నిరంజన్ అదిమి పట్టుకున్నాడు, రెండో చెయ్యి మాత్రం గాలిలో తిరుగుతూనే ఉంది, బొటనవేలూ చూపుడువేలూ కలుస్తాయి, విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి, అటు బల్ల దగ్గర నర్సు చిన్న చిన్న గాజు బుడ్ల మెడలు విరుస్తున్న చప్పుడు, టక్, కాసేపు ఆగి మళ్లీ టక్, ఆ బుడ్లన్నీ సెలైన్‌లో కలిపి రాత్రంతా ఎక్కించమని డాక్టరమ్మ చెప్పి పక్క వార్డుకు పోయింది, పురుగులమందు తాగినవాళ్లకు అదే విరుగుడట, మందు తాగిందని అందరూ అంటున్నారు, కొడుకు అన్నాడు, తమ సందులో సూదులు వేసే పాండు అన్నాడు, ఆటో నడిపినవాడు అన్నాడు, పక్క మంచం వాళ్లు గుసగుసగా అనుకుంటున్నారు, మగ్గం నేసేటోళ్ల కోడలంట, పొద్దుగాల మొగనితోని లొల్లంట, నల్లులమందు తాగిందంట, తాను మాత్రం ఏమీ అనలేదు, మూడు గంటలుగా నోరు విప్పలేదు, ముసలామె కదా, అదిరిపోయింది పాపం అని వాళ్లే సర్దిచెప్పుకుంటున్నారు.

లొల్లి అయిన మాట నిజమే, పొద్దున ఇంకా మొఖం కూడా కడుక్కోకుండానే నిరంజన్ మగ్గం పలక మీద కూర్చొని, షోలాపూర్‌ల పవర్లూములకు మనుషులు కావాల్నంట, సోమవారం బస్సుకు పోత, ఆర్నెల్లు చూసి మిమ్మల్ని గూడ తీస్కపోత అన్నాడు, ఉమారాణి చీపురు పక్కన పడేసి, మీ నాయిన గూడ గిట్లనే చెప్పిపోయిండు గద, ఆర్నెల్లని పోయి ముప్పయ్యేండ్లాయె, అత్తను చూసినంక గూడ నేను నిన్ను పంపుతననుకున్నవా, పో, నువ్వు బస్సెక్కిన రోజే నేను నల్లులమందు తాగి సస్త, నీ బిడ్డను నువ్వే సాదుకో అంది, కోపంలో అన్న మాట అది, కాసేపటికే నవ్వుతూ, అత్తా, షోలాపూర్ పోతనంటడు గని నీ కొడుక్కు హిందీ ఒక ముక్క రాదు, బువ్వ కావాల్నంటే సైగలు చేసి అడుగుతడా ఏంది అని పరాచికం కూడా ఆడింది, ఆ నవ్వు నిరంజన్ వినలేదు, అప్పటికే నేసిన చీర చంకలో పెట్టుకొని సావుకారి ఇంటికి పోయాడు, విన్నది తాను ఒక్కతే, చచ్చే మనిషి అట్లా నవ్వదు, ఆ సంగతి కూడా తాను ఎవరికీ చెప్పలేదు, షోలాపూర్, ఆయన పోయింది కూడా ఆ ఊరికే, పోయిన పొద్దున కూడా ఇట్లాగే ముసురు, తన మొగుడు భీమన్న రేకు పెట్టె ఎత్తుకొని గడపలో నిలబడి పోయొస్త అన్నాడు, పోయేవాళ్లు ఆ మాట అన్నాక ఉండేవాళ్లు పోయిరా అనాలి, అది వినకుండా గడప దాటకూడదు, తాను అనలేదు, అనకపోతే ఆగుతాడనుకుంది, పొగకు కండ్లు మండుతుంటే వంచిన తల ఎత్తకుండా పొయ్యి ఊదుతూ కూర్చుంది, అతను ఇంకోసారి పోయొస్త అన్నాడు, కాసేపు నిలబడి దాటిపోయాడు, తర్వాత ఉత్తరాలు, వాటిని సందు మొదట్లో ఉండే పంతులు చదివి వినిపించేవాడు, మధ్యలో ఆపి చిన్నగా నవ్వేవాడు, మొగుడు పెండ్లానికి రాసుకున్నదాన్ని చూసి పరాయివాడు నవ్వడమేమిటని ఉప్పు పొట్లాల కాగితాల మీదా, బస్సుల మీదా, దుకాణాల బోర్డుల మీదా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొని తానే నేర్చుకుంది, నేర్చుకున్నాక వచ్చింది ఒక్కటే ఉత్తరం, వచ్చే నెల వస్త అని ఉంది అందులో, ఇక రాలేదు, ఉత్తరమూ రాలేదు, మనిషీ రాలేదు.

నేను యాడికి పోనే, నిరంజన్ ఉమారాణి చెవి దగ్గర వంగి అంటున్నాడు, ఉమా, ఇటు సూడు, నేను యాడికీ పోను, షోలాపూర్ లేదు ఏం లేదు, బిడ్డ మీద ఒట్టు, సచ్చేదాక ఈ మగ్గం గుంతలనే ఉంట, ఆ మాట చెవిన పడగానే లక్ష్మీదేవమ్మ గుండెలో ఎక్కడో ఒక చిన్న వెలుగు వెలిగి ఆరింది, ఆరలేదు, వెలుగుతూనే ఉంది, కొడుకు పోడు, బిడ్డ మీద ఒట్టు వేశాడు, వేసిన ఒట్టు తప్పే పిల్లవాడు కాదు, తన వల్లనే పెండ్లాం మందు తాగిందని అనుకున్నంత కాలం కదలడు, ఉమారాణి లేచి తిరిగినా కదలడు, సోమవారం బస్సు అతను లేకుండానే పోతుంది, ఛీ, ఏమిటీ ఆలోచన, కోడలు కాలే పెనంలా మంచం మీద పడి ఉంటే తనకు సంతోషమా, పద్నాలుగేండ్లుగా ఒకే కూర కంచుడు దగ్గర ఒకరికొకరు వడ్డించుకున్న మనిషి, తన తలకు నూనె పెట్టి చిక్కు తీసే మనిషి, టక్ అని మరో బుడ్డి మెడ విరిగింది, ఎన్ని విరిచిందో, లెక్క తప్పింది, కొంగుముడి కింద ఆకులు మెత్తబడి చెమ్మగా ఉన్నాయి, వేలు లోపలికి దూరితే చాలు, ఒక్క ఆకు కొస తగిలితే చాలు, తెలిసిపోతుంది, తెలిసిపోవడమే భయం.

దొగ్గలి కూర అంటే చేలల్లో తనంత తాను మొలిచే తోటకూర, దాని ఆకుకు కొసన గాటు ఉంటుంది, చిన్న గోరుతో గిల్లినట్టు, చీకట్లో కూడా వేలికి తగులుతుంది, ఆకు కింది ఈనెలు ఉబ్బి ఉంటాయి, మొదలు రెండు వైపులా సమంగా వచ్చి కాడలో కలుస్తుంది, అమ్మ చెప్పింది, చిన్నప్పుడు అమరచింత దగ్గరి చెలకల్లో అమ్మ వెనుక గంపతో తిరుగుతూ నేర్చుకున్నది, చూసి కాదు బిడ్డా, వేలుపెట్టి ఏరాలె, కన్ను మోసం చేస్తది గని వేలు చెయ్యది అనేది, ఇంకొకటి కూడా చెప్పింది, పెంటదిబ్బ మీద ఏది మొలిచినా ముట్టద్దు అని, ఈ పొద్దున తాను చెలకలోకి పోలేదు, పోయినేడు చినుకే పడలేదు, ఈ యేడు వారం కింద పడిన వానకు రైలు గేటు అవతల నేలంతా పచ్చబడిందని రంగమ్మ చెబితే తెల్లవారకముందే బయలుదేరింది, మోకాళ్లు నొచ్చాయి, గేటు పక్కన దిబ్బ మీదే గుబురుగా, లేతగా, చేతినిండా దొరికింది, ఇంత దగ్గర్లో ఉండగా అంత దూరం ఎందుకనుకుంది, మసక వెలుతురు, మసక అంటే ఏ మసక, పొద్దు పొడిచాక కూడా తన కండ్లకు మసకే, రెండేండ్లుగా మసకే, పొర కమ్మింది, ఎవరికీ చెప్పలేదు, మగ్గానికి నూలు కండె చుట్టేటప్పుడు దారం తెగితే వేళ్లతోనే వెతికి పట్టుకుంటుంది, సాయంత్రాలు మూలికల పుస్తకం ముందు పెట్టుకొని ఎప్పుడో బట్టీ పట్టినదాన్ని చదువుతున్నట్టు పైకి చెబుతుంది, ఒకనాడు మనుమరాలు శ్రుతి, అవ్వా, పేజీ తిప్పకుండనే సదువుతున్నవేంది అని అడిగితే, తిప్పేది మర్చిపోయిన బిడ్డా అని నవ్వి తిప్పింది, కండ్లు లేని ముసలిదాన్ని ఎవరు ఉంచుకుంటారు, కండె చుట్టలేనిది, కూర ఏరలేనిది, షోలాపూర్ పోతూ పోతూ ఎక్కడ దించిపోతారో, ఆ భయంతోనే దిబ్బ మీద కూర గబగబా గిల్లింది, చిగుళ్లు మాత్రమే గిల్లింది, వేలు పెట్టి చూడలేదు, వంటయ్యాక ఉమారాణి మొదటి ముద్ద నోట పెట్టుకొని, అత్తా, జర చేదుగున్నది కూర అంది, తాను ఏమన్నది, కండె చుట్టుకుంటూనే, తొలకరి కూర జర చేదే ఉంటది, కడుపుకు మంచిది, తిను అన్నది, తినే మనిషికి అనుమానం వస్తే పోగొట్టి తినిపించింది, శనివారం ఒక్కపొద్దు కాబట్టి తాను ముట్టలేదు, ఒక్కపొద్దు తనను కాపాడిందా, దేనికి కాపాడింది, ఇక్కడ కూర్చోబెట్టడానికా.

తిన్నాక ఉమారాణి మగ్గం గుంతలోకి దిగింది, మొదట దాహం అంది, చెంబెడు నీళ్లు తాగింది, ఇంకో చెంబు తాగింది, గొంతు ఎండిపోతుందత్తా, నాలుక అంగిట్ల అతుక్కుంటుంది అంది, ఉప్పు ఎక్కువైందేమో అనుకుంది తాను, కాసేపటికి పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడు ఆగింది, పోగు తెగి ఉంటుంది, అతుకుతూ ఉంటుంది అనుకుంది, ఇటు నూలు, అటు పట్టు, గద్వాల చీరకు ఆ రెండూ కలిసే చోట పోగులు తెగుతూనే ఉంటాయి, నేతగత్తె వేళ్లు నిద్రలో కూడా పోగులు అతుకుతూనే ఉంటాయి, అందుకే తెలియలేదు, ఇంకో ఇంట్లోనైతే గాలిలో దారాలు ఏరుతున్న మనిషిని చూసి అందరూ ఉలిక్కిపడేవారు, ఈ ఇంట్లో అది పని, మసక కండ్లకు ఉమారాణి చేతుల కదలిక మాత్రమే కనిపించింది, ఆ వేళ్ల మధ్య పోగు ఉందో లేదో కనిపించలేదు, అరగంట అట్లాగే గడిచింది, తానేమో ఎదురుగా కూర్చొని కండెలు చుట్టుకుంటూ ఉంది, అంతలో ఉమారాణి పకపకా నవ్వి, నాయినా, గా మామిడిపండ్ల గంప ఈడ దించు, మగ్గం అచ్చు మీద పెట్టకు అంది, ఆమె నాయిన కొల్లాపూర్‌లో చనిపోయి ఆరేండ్లయింది, అప్పుడు లేచి దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంటే ఒళ్లు కాలుతోంది, చెమట లేదు, పెంకులా పొడిగా ఉంది, అదే సమయానికి నిరంజన్ వచ్చాడు, గూట్లో నల్లులమందు సీసా అడుగంటి ఉండడం చూశాడు, పొద్దుటి మాట గుర్తొచ్చింది, కేక పెట్టాడు, పాండు పరుగెత్తుకొచ్చి, మందు తాగిందంటే ఆలస్యం చెయ్యద్దు అన్నా అంటూ సంచిలోంచి తీసి రెండు విరుగుడు సూదులు వేశాడు, ఆటో ఎక్కించారు, ఆ సీసా ఖాళీ చేసింది తాను, పోయిన నెల మగ్గం గుంజల సందుల్లో నల్లులకు పోసింది, అదీ చెప్పలేదు, ఎన్ని చెప్పలేదు, వేలు ముడిలోకి దూరింది, దూర్చిందో అదే దూరిందో, ఒక ఆకు తగిలింది, కొస దాకా తడిమింది, గాటు లేదు, మొదలు చూసింది, ఒక వైపు పైన ఆగింది, రెండో వైపు కిందికి జారి కాడను పట్టుకుంది, పొంతన లేని మొదలు, ఇంకో ఆకు, దానికి గాటు ఉంది, ఇంకొకటి, లేదు, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎలుక చచ్చినట్టు వాసన, వెల్లుల్లి పోపులో తెలియని వాసన, ఉమ్మెత్త, అట్ట ఊడిన పుస్తకంలో నలభయ్యో పేజీ, కండ్లు అక్కర్లేకుండా చదవగలదు, ఉమ్మెత్త తిన్నవారికి నోరు ఎండును, కనుపాపలు విప్పారును, దేహము కాలును, చెమట పట్టదు, లేనివారితో మాటలాడుదురు, వస్త్రమును పీకుచు గాలిలో దారములు ఏరుచున్నట్లు వ్రేళ్లు ఆడింతురు.

డాక్టరమ్మ ఇందాక వచ్చి చూసిపోయింది, గొంతు వింటే చిన్నపిల్ల, శ్రుతి కన్నా పదేండ్లు పెద్దదేమో, ఉమారాణి రెప్ప ఎత్తి లైటు వేసి చూసి, కనుపాప బాగా పెద్దదైంది, ఒళ్లు పొడిబారింది, ఇంటి దగ్గర వేసిన సూదులు పనిచేసినట్టున్నాయి, దాన్నే కొనసాగిద్దాం సిస్టర్ అంది, అట్లాగా, సూదుల వల్లనేనా, అయితే తాను చెప్పనక్కర లేదేమో, సూది వేసినా అట్లాగే అవుతుందంటే ఏది దేని వల్లనో ఎవరికి తెలుసు, అంత చదువుకున్న పిల్ల, ఆమెకు తెలియకుండా ఉంటుందా, చెబితే ఏమవుతుంది, నీకు కనిపించలేదా అంటారు, అత్తే పెట్టిందంటారు, కొడుకు ఒట్టు ఎగిరిపోతుంది, మందు తాగలేదు కదా అని సోమవారం పెట్టె సర్దుకుంటాడు, చెప్పకపోతే, చెప్పకపోతే ఆ బుడ్లు, కానీ సూది వేయకముందే, పాండు రాకముందే ఒళ్లు పెంకులా ఉంది, ముందే, మందు తాగినవాళ్లు అట్లా ఉండరు, అది తనకు తెలుసు, ఈ దవాఖానలో ఎవరికన్నా తనకు ఎక్కువ తెలుసు, తడి, అంతా తడి, పదేండ్ల కింద సుగుణ, తన పెద్ద బిడ్డ, తిమ్మాజిపేట దిక్కు పత్తిచేన్లున్న ఇంటికి ఇచ్చిన బిడ్డ, వార్త తెలిసి మూడు బస్సులు మారి పోయేసరికి మంచం మీద జాకెట్టు తడిసిపోయి, జుట్టు తడిసిపోయి, నోటి పక్క నుంచి నురగ కారుతూ, రొమ్ములో నీళ్లు మరుగుతున్నట్టు చప్పుడు, కనుపాపలు ఆవగింజంత, అంత చిన్నవి, అప్పుడు తనకు కండ్లు ఉన్నాయి, అన్నీ కనిపించాయి, ఇక్కడ అంతా పొడి, అక్కడ అంతా తడి, ఇక్కడ కన్ను బండిచక్రమంత, అక్కడ ఆవగింజంత, ఇవి రెండూ ఒక విషం కావు.

సుగుణ అత్త ఆ రోజు మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది, ఎండదెబ్బ సార్, చేన్ల పత్తి ఏరుతుంటే ఎండదెబ్బ తాకింది అంటూ ఉంది, పొద్దున నుంచి సాయంత్రం దాకా అదే మాట, పోలీసులు వస్తారని భయం, ఊళ్లో పేరు పోతుందని భయం, చేను గట్టు మీద ఖాళీ సీసాను తన చేత్తోనే బాయిలో పారేసి వచ్చి ఎండదెబ్బ అంది, పొద్దు కూకే వేళకు ఏడ్చి నిజం చెప్పింది, డాక్టరు చేతిలోని గుండె చూసే గొట్టం మెడలో వేసుకొని, ముందే చెప్తే బతికేది కదమ్మా అన్నాడు, అంతే అన్నాడు, ఆ తర్వాత పదేండ్లుగా ప్రతి రాత్రీ లక్ష్మీదేవమ్మ ఆ మంచం దగ్గరికి పోతుంది, ఆ అత్త ముఖంలోకి చూస్తుంది, నీకు తెలిసి కూడా ఎట్లా నిలబడ్డవమ్మా, నోరు ఎట్లా మూసుకున్నవు, పూట పూటంతా ఎట్లా చూసినవు అని అడుగుతుంది, తిడుతుంది, నీ నోరు పడిపోను అంటుంది, ఆ అత్త ఎప్పుడూ జవాబు చెప్పదు, ఎట్లా ఉంటుంది తెలిసినదాన్ని పండ్ల వెనుక పెట్టుకొని నిలబడితే అని పదేండ్లుగా అనుకుంటుంది, ఇట్లా ఉంటుంది, ఇదిగో ఇట్లా, గోడకు వీపు ఆనించి, కొంగుముడి వత్తుకుంటూ, బుడ్లు విరిగే చప్పుడు లెక్కబెట్టుకుంటూ, టక్, ఆమె ముఖం ఎవరిదో ఇప్పుడు తెలిసింది, ఇంకొక టక్ వినేలోగా లేవాలి, గోడ పట్టుకుంది, గిన్నె, గిన్నె అనుకుంది హఠాత్తుగా, ఇంట్లో గంప కింద మిగిలిన కూర గిన్నె, బడి విడిచి వస్తూనే శ్రుతి గంప ఎత్తుతుంది, రొట్టె చుట్టుకొని తింటుంది, రోజూ అదే.

నర్సమ్మా, ఆ బుడ్లు కలపకు అంది, కలపకు బిడ్డా, నర్సు సిరంజి పట్టుకునే తిరిగి, ఏందమ్మా, పక్కకు జరుగు, పని చేసుకోనీ అంది, నిరంజన్, అమ్మా, నువ్వు కూసో, ఆమెను ఇడిసిపెట్టు అన్నాడు, లక్ష్మీదేవమ్మ రెండు అడుగులు వేసి నర్సు మణికట్టు పట్టుకుంది, మందు తాగలే, నా కోడలు ఏ మందూ తాగలే, నేనే తినిపించిన అంది, ఎవరో డాక్టరమ్మను పిలిచారు, డాక్టరమ్మ వచ్చి ఏమైందంటే, లక్ష్మీదేవమ్మ కొంగుముడి పండ్లతో లాగి విప్పి నలిగిన ఆకులు ఆమె అరచేతిలో పోసి, దొగ్గలి కూర అనుకొని ఏరిన, పెంటదిబ్బ మీద ఏరిన, కొసన గాటున్నది కూర, గాటు లేనిది ఉమ్మెత్త, వాసన సూడు బిడ్డా, పదకొండింటికి తిన్నది, పన్నెండున్నరకు దూప అన్నది, సూది ఎయ్యకముందే ఒళ్లు పొడిగున్నది, చెమట లేదు, నురగ లేదు, మందు తాగినోళ్లను నేను సూసిన, నా కడుపున పుట్టినదాన్నే సూసిన, గట్ల ఉండరు, గా సీసా నేనే నల్లులకు పోసిన అని ఒక్క ఊపిరిలో చెప్పింది, డాక్టరమ్మ ఆకు నలిపి వాసన చూసింది, వంగి ఉమారాణి చంకలో చెయ్యి పెట్టి చూసింది, గాలిలో తిరుగుతున్న వేళ్లను కాసేపు చూసింది, సిస్టర్, అది ఆపండి అంది, ఒక్క చుక్క కూడా వద్దు, ఈ ఆకులో ఉన్నదీ ఆ బుడ్లలో ఉన్నదీ ఒకటే విషం, దాని మీద దాన్నే పోస్తున్నాం, కడుపు కడగాలి, గొట్టం తీసుకురండి, తడిగుడ్డలు తెండి, లైటు ఆర్పండి, అడుగుల చప్పుళ్లు, గిన్నెల చప్పుళ్లు, నిరంజన్ అక్కడే నిలబడి ఉన్నాడు, అమ్మా, నీకు కనిపించలేదా అన్నాడు, ఆ మాట వస్తుందని తెలుసు, అయినా గుచ్చుకుంది, రెండేండ్ల సంది కనిపిస్తలేదు కొడుకా, నీ మొఖం గూడ కనిపిస్తలేదు అంది, అతను తిట్టి ఉంటే బాగుండేది, లక్ష్మీదేవమ్మ తడుముకుంటూ అతని చెయ్యి పట్టుకొని, ఇంట్ల గంప కింద కూర మిగిలి ఉన్నది, శ్రుతి బడి ఇడిచేసరికి నువ్వు ఇంట్ల ఉండాలె, గిన్నెల కూర పారెయ్యకు, మూతపెట్టి డాక్టరమ్మకు తెచ్చియ్యి అంది, గంటెంత అని ఎవరినో అడిగితే నాలుగూ పది అన్నారు, బడి నాలుగున్నరకు విడుస్తారు, నిరంజన్ మంచం వైపు చూస్తున్నాడు, కాలు కదలడం లేదు, ఈమె అని ఏదో అనబోయాడు, ఈమెను నేను సూసుకుంట, నువ్వు పో, ఉరుకు బిడ్డా, పోయిరా అంది.

తలుపు రెక్క కొట్టుకుంది, వరండాలో చెప్పుల చప్పుడు, ఆటో ఒకసారి మొత్తుకొని కదిలింది, గేటు దాటింది, ఇంకా వినిపిస్తోంది, ఇంకా, ఇక లేదు, డాక్టరమ్మ పని ముగించి, ఇప్పుడే ఏమీ చెప్పలేను అవ్వా, రేపు పొద్దుటికి తేరుకోవచ్చు, పక్కన ఉండు, తడిగుడ్డ ఆరనీయకు అని పోయింది, లక్ష్మీదేవమ్మ మంచం అంచున కూర్చొని నుదుటి మీద గుడ్డ మార్చింది, ఉమారాణి చెయ్యి ఇంకా గాలిలో ఏదో తెగిన పోగును వెతుకుతోంది, దొరకదు, మళ్లీ వెతుకుతుంది, అత్తా, ఇటు దిక్కు పట్టు మొత్తం తెగింది సూడు అంటోంది, తెగితే తెగనీ బిడ్డా, మెల్లగ అతుకుదువు అంటూ లక్ష్మీదేవమ్మ ఖాళీ అయిన తన కొంగు కొస తీసి ఆ వేళ్ల మధ్య పెట్టింది, ఆకుపసరు మరకలు ఉన్న కొస కాదు, రెండోది, వేళ్లు ఆ నూలుపోగులను పట్టుకున్నాయి, మెలిపెట్టాయి, ముడివేశాయి, మెల్లమెల్లగా నెమ్మదించాయి, మందు తాగలేదని కొడుకుకు తెలిసింది, కండ్ల సంగతీ తెలిసింది, సోమవారం బస్సు ఎక్కితే ఎక్కుతాడు, ఎక్కకపోతే ఎక్కడు, అది తన నోట్లో లేదు, ఎన్నడూ లేదు, పొయ్యి ఊదుతూ నోరు బిగబట్టినప్పుడూ లేదు, సుగుణను అత్తారింటికి సాగనంపే రోజు మగ్గం చాటున దాక్కున్నప్పుడూ లేదు, ఆగిపోతారని మింగిన మాటకు ఎవరూ ఆగలేదు, ఆ మాట వినకుండా పోయారు, అంతే, ఇప్పుడు నోరంతా తేలికగా ఉంది, ఏమిటా అని వెతుక్కుంటే తెలిసింది, తన బతుకులో పోయినవాళ్లందరిలో, పోయిరా అని తాను చెప్పి పంపింది ఈ ఒక్కడినే.